ఏ పన్నో చెప్పు

చూళైలో మా ఇంటి ముందుగది
మూడు వంతులు పళ్ళది, ఒక వంతు నాది.
ప్లాస్టర్ బస్తా మీద ఫిజిక్స్ పుస్తకం,
గులాబీరంగు మైనం రేకుల మధ్య మాక్ టెస్టు కాగితాలు.
ఏ పేజీ తిప్పినా వేళ్ళకి తెల్లటి పొడి.
ముక్కు పగిలే అక్రిలిక్ వాసన,
అదే మా ఇంటి సాంబ్రాణి.

నైనా డాక్టరు కాదు.
పురసవాకం డాక్టరమ్మ అచ్చులు పంపితే
ఈయన దవడలు కడతాడు.
ఆ పళ్ళు పెట్టుకునేవాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడడు,
వాళ్ళ చిగుళ్ళ మిట్టపల్లాలు మాత్రం
మా సందులో గుంతల్లా గుర్తు.
ఎవరి దంతసిరి ఎంతో
ఈయన చేతిమీదుగానే తేలాలి.

ఎనిమిదేళ్ళప్పటి నుంచీ మాకొక ఆట.
"కళ్ళు మూసుకోమే" అని
నా అరచేతిలో ఒక మైనప్పన్ను పెట్టేవాడు.
"ఏ పన్నో చెప్పు. పైదా, కిందిదా?
కుడిదా, ఎడమదా?"
తప్పు చెబితే మార్కులు కోసేవాడు కాదు,
మళ్ళీ తడమమనేవాడు.

ఇప్పుడు కోసేవాళ్ళున్నారు.
ఒప్పయితే నాలుగొస్తాయి, తప్పయితే ఒకటి పోతుంది,
తెలియకపోతే వదిలెయ్యాలి.
నాకు చేతకానిది అదొక్కటే.
పోయినేడు తెలియనివాటికి కూడా
గుడ్డిగా గుండ్రాలు దిద్ది వచ్చాను.
పదకొండు మార్కుల్లో జారిపోయింది సీటు.
ఆ పదకొండు
ఏడాదిగా పంటికింద రాయి.

ఇంట్లో పన్ను, వీధిలో పల్, పుస్తకంలో టూత్.
ఒకే నోట్లో మూడు
ఒకదాన్నొకటి తోసుకుంటూ వంకరగా మొలిచాయి.

"డాక్టరు సీటు రాకపోయినా
పళ్ళ సీటైనా దొరక్కపోదులే" అంటుంది అత్త.
అందరికీ అది రెండో పీట.
నేను మొదట వాల్చుకున్న పీటే అదంటే
ఎవరు నమ్ముతారు?
అందుకే పన్నెత్తి మాట్లాడను.

ఒక రాత్రి కెమిస్ట్రీలో వచ్చింది:
ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో నీటి అణువులెన్ని?
అర.
గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందా, పోతుందా?
నవ్వొచ్చింది.
నాకు ఐదేళ్ళు, డిసెంబరు వాన, తడిసి వణుకుతున్నాను.
అప్పుడే పోసిన దవడ అచ్చొకటి తెచ్చి
నా చేతుల మధ్య పెట్టాడు నైనా.
అది మెల్లమెల్లగా
పడుకున్న పిల్లిలా వెచ్చబడింది.
పద్నాలుగేళ్ళుగా నా చర్మానికి తెలిసిన జవాబు.
మిగతా నూట డెబ్బై తొమ్మిదీ
పంటి బిగువున నేర్చుకోవాల్సినవే.

మే నెల, ఆదివారం. అన్నానగర్‌లో సెంటరు.
గేటు దగ్గర ముక్కుపుడక తీసెయ్యమన్నారు.
రాలేదు. వెనక లైను గొణుగుతోంది.
నైనా జేబులోంచి వాజిలిన్ డబ్బీ తీసి,
జన్మలో ఎవరి పన్నూ పీకని మనిషి,
ఊపిరి బిగబట్టి దాన్ని ఊడదీశాడు.
ఖాళీ పళ్ళసెట్టు డబ్బాలో వేసి మూత నొక్కాడు.

ఐదింటికి బయటికొచ్చాను.
ఎలా రాశావని అడగలేదు.
"ఎన్ని వదిలేశావు?"
"ఇరవై."
వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టి
"సరిపోయింది. పాలపళ్ళనుకో" అన్నాడు.
"రెండోసారి రాస్తే ఇంకా పాలపళ్ళేంటి నైనా?"
దానికి జవాబు లేదు ఆయన దగ్గర.
చెరుకురసం రెండు చెప్పాడు,
ఒకటి ఐసు లేకుండా.

అయనావరంలో ఒక సెట్టు ఇచ్చి పోవాలి.
పెద్దాయనకి రేపు మనవరాలి పెళ్ళి విందట.
బస్సులో సంచీ నా ఒళ్ళో.
తడిగుడ్డలో చుట్టిన రెండు దవడలు
ప్రతి గతుక్కీ మెత్తగా కొట్టుకుంటున్నాయి.
కళ్ళు మూసుకుని గుడ్డ మీదినుంచే తడిమాను.
"కింద. ఎడమ. ఆరోది."
"ఐదు" అన్నాడు నైనా, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మళ్ళీ తడిమాను.